శోభి అని రాసి పంపేయకండి: తెలుగు రాష్ట్రాల చర్మవైద్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన చర్మవైద్య మిత్రులకు,

నమస్కారం. నేను పాథాలజిస్టుని. మీరు చూసే రోగులను నేను చూడను. వాళ్ల ఒంటి నుంచి మీరు కోసి పంపిన ముక్కను చూస్తాను. ఏళ్ల తరబడి ఆ ముక్కలు చూశాక మీకు, మీ ద్వారా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోని వైద్యులకు ఒక విన్నపం చేయాలనిపించింది. చిన్నప్పటి నుంచి ఛాతీ మీద, వీపు మీద శోభి లాంటి మచ్చలు, చేతుల మీద చదునైన పులిపిర్లు ఉండి, ఏ మందుకూ లొంగలేదని చెప్పే మనిషి మీ దగ్గరికి వస్తే మరో మలాము రాసి పంపేయకండి. చిన్న ముక్క తీసి మాకు పంపండి. ఆ మచ్చల్లో కొన్ని శోభి కావు. వైరస్ వల్ల వచ్చి, ఏళ్లు గడిచాక క్యాన్సర్ ముందుదశలోకి, ఆపైన క్యాన్సర్‌లోకి దిగే మచ్చలవి.

ఈ మాట ఏదో ఒక సదస్సులో చెప్పవచ్చు కదా అని మీలో కొందరు అనవచ్చు. సదస్సుకు మనమే వస్తాం. ఆ మచ్చలున్న మనిషి రాడు. మందుల దుకాణంలో ట్యూబు మీద ట్యూబు కొనుక్కుంటూ ఉంటాడు. అతని కంట కూడా పడాలనే తెలుగులో, అందరూ చదివేలా రాస్తున్నాను.

ఒక కేసు చెబుతాను. పేరు, ఊరు అవసరం లేదు. ఫార్మలిన్ సీసాలో నుదుటి పుండు నుంచి తీసిన ముక్క వచ్చింది. దానితో వచ్చిన కాగితంలో ముప్ఫై దాటిన స్త్రీ, వ్యవసాయ కూలీ, మానని పుండు అని ఉంది, అంతే. మన ఒంటి రంగు వాళ్లకు ఎండ వల్ల చర్మ క్యాన్సర్ రావడమే అరుదు, అదీ ఆ వయసులో. స్లైడు పెట్టి చూస్తే పుండు మధ్యలో స్క్వామస్ సెల్ క్యాన్సర్, అంటే చర్మం పై పొర కణాల్లో పుట్టే క్యాన్సర్, స్పష్టంగానే ఉంది. నా చూపు నిలిచింది మాత్రం పుండు అంచు దగ్గర. అక్కడ మామూలుగా ఉండాల్సిన చర్మంలో, పై పొరల్లోని కణాలు ఉబ్బి గుంపులుగా చేరి ఉన్నాయి. వాటి లోపలి పదార్థం పాలిపోయిన నీలి బూడిద రంగులో ఉంది. ఒక్కసారి చూస్తే మరిచిపోలేని కణాలవి. మామూలు పులిపిరిలో అలా ఉండవు, శోభిలో అసలే ఉండవు.

పంపిన డాక్టరుగారికి ఫోను చేసి, ఆమె వీపు, చేతులు ఒకసారి చూడమని అడిగాను. ఆయన ఓపికగా చూసి తిరిగి ఫోను చేశారు. ఛాతీ నిండా, వీపు నిండా లేత రంగు మచ్చలు, వాటి మీద సన్నని పొట్టు. ముంజేతుల మీద చదునైన పులిపిర్లు, కొన్ని ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. బడికి వెళ్లే వయసు నుంచీ ఉన్నాయట. ఒకరు శోభి అన్నారు, ఇంకొకరు తామర అన్నారు. ఇంట్లో పసరు రాశారు, సున్నం, సోడా కలిపి పెట్టి కాల్చారు. తర్వాత స్టెరాయిడ్ కలిసిన మలాములు ఏళ్ల తరబడి నడిచాయి. తల్లిదండ్రులది మేనరికం. ఆమె తమ్ముడికీ అవే మచ్చలు. ఇన్నేళ్లలో ఆ మచ్చల నుంచి ఒక్క ముక్క కూడా తీయలేదు.

ఆ జబ్బు పేరు ఎపిడర్మోడిస్‌ప్లేసియా వెరూసిఫార్మిస్. నోరు తిరగని పేరు కాబట్టి ఇకపై ఈవీ అంటాను. పీజీ పరీక్షకు మీరందరూ చదివినదే. అరుదైన జబ్బు అని పుస్తకం చెబుతుంది, నిజమే. అయితే జన్యువుల ద్వారా వచ్చే అరుదైన జబ్బులు అన్ని సమాజాల్లోనూ సమానంగా అరుదు కావు. ఇది తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువు అందితేనే వచ్చే జబ్బు. అత్త కొడుకును, మేనమామను చేసుకోవడం ఇంకా మామూలుగానే సాగుతున్న మన రెండు రాష్ట్రాల్లో ఇలాంటివి బయటపడే అవకాశం ఎక్కువ. అమెరికా పుస్తకంలో రాసిన అరుదు అనే మాటను మన ఓపీకి యథాతథంగా తెచ్చుకోకూడదు.

చర్మం మీద క్యాన్సర్ ముందుదశకు వైరస్ కారణమా కాదా అనే చర్చ మొత్తానికి ఈ జబ్బే పునాది. 1922లో బాసెల్‌లో లెవండోవ్‌స్కీ, లుట్జ్ అనే ఇద్దరు వైద్యులు దీన్ని మొదటిసారి వర్ణించారు. చాలాకాలం దీన్ని పుట్టుకతో వచ్చిన చర్మలోపంగానే చూశారు. వార్సాలో స్టెఫానియా యాబ్లోన్‌స్కా అనే చర్మవైద్యురాలు ఈ రోగులను ఏళ్ల తరబడి వదలకుండా గమనించారు. మచ్చల్లో ఉన్నది వైరసేనని, ఆ మచ్చలే క్యాన్సర్‌గా మారుతున్నాయని, మనిషిలో వైరస్ నుంచి క్యాన్సర్ ఎలా పుడుతుందో తెలుసుకోవడానికి ఈ జబ్బు నమూనాగా పనికొస్తుందని 1972లోనే రాశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు హ్యూమన్ పాపిలోమా వైరస్ కారణమని హరాల్డ్ జుర్ హౌసెన్ చూపింది ఆ తర్వాత. ఆయనకు 2008లో నోబెల్ వచ్చింది. యాబ్లోన్‌స్కా పేరు చర్మవైద్యులకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమెకు దక్కాల్సిన గుర్తింపు దక్కలేదనే నా అభిప్రాయం. ప్రయోగశాలలో కాదు, ఓపీలో రోగుల ఒంటి మీద మచ్చలు ఒక్కొక్కటీ పరిశీలించి ఆ సంగతి పట్టుకున్న మనిషి ఆమె.

పారిస్‌లో జెరార్ ఓర్త్ బృందంతో కలిసి ఆమె చేసిన పనిలోనే ఈవీ మచ్చల్లోని ఈ పాపిలోమా వైరస్ అనేక రకాలని, క్యాన్సర్‌గా మారిన మచ్చల్లో ముఖ్యంగా కనిపించేవి 5, 8 రకాలని తేలింది. వీటిని బీటా రకాలంటారు. 2002లో అసలు లోపం దొరికింది. 17వ క్రోమోజోము మీద పక్కపక్కనే ఉన్న ఎవర్1, ఎవర్2 అనే రెండు జన్యువుల్లో ఏదో ఒకటి చెడిపోవడం. 2018లో సిబ్1 అనే మూడో జన్యువు కూడా వీటితో కలిసే పనిచేస్తుందని తెలిసింది. ఈ మూడూ కలిసి చర్మకణంలో బీటా రకాలను పెరగకుండా పట్టి ఉంచుతాయి. ఆ పట్టు లేనివాళ్లకు మిగతా జబ్బులన్నిటినీ తట్టుకునే శక్తి మామూలుగానే ఉంటుంది. ఈ ఒక్క వైరస్ గుంపు ముందే వాళ్లు నిస్సహాయులు.

ఈ వైరస్ ఎక్కడి నుంచి వస్తుందని రోగులు మిమ్మల్ని అడుగుతారు. అందరి ఒంటి మీదా ఉంటుంది. పసితనంలోనే తల్లిదండ్రుల చర్మం నుంచి బిడ్డకు చేరుతుంది. ఆరోగ్యవంతుల కనుబొమ్మల నుంచి పీకిన వెంట్రుకల కుదుళ్లలో కూడా దొరుకుతుంది. కాబట్టి ఈవీ ఉన్న పిల్లను ముట్టుకుంటే, ఆమె పక్కన కూర్చుంటే, కలిసి తింటే ఎవరికీ ఏమీ అంటదు. ఆమె ఒంటి మీదున్న వైరస్ మన ఒంటి మీద ముందే ఉంది. వేరే కంచం, వేరే గ్లాసు పెట్టిన ఇళ్లు ఉన్నాయి. అక్కరలేదని మీరు గట్టిగా, ఇంటిల్లిపాదీ వినేలా చెప్పాలి. మందు చీటీ కంటే ఆ మాట ముందు అవసరం.

మరి ఆ మచ్చ క్యాన్సర్ ఎలా అవుతుంది? ఎండే రెండో కారణం. అతినీలలోహిత కిరణాలు తగిలి కణంలోని డీఎన్‌ఏ దెబ్బతింటే కణం దాన్ని బాగుచేసుకుంటుంది, వల్ల కాకపోతే తనంతట తాను చనిపోతుంది. ఈ వైరస్ తయారుచేసే ఈ6 అనే ప్రోటీను ఆ రెండు పనులకూ అడ్డుపడుతుంది. చావాల్సిన కణం చావదు, దెబ్బతిన్న డీఎన్‌ఏతోనే విభజన చెందుతుంది. అందుకే ఈవీలో క్యాన్సర్ ఎక్కువగా నుదురు, ముఖం, చేతుల లాంటి ఎండ పడే చోట్లే వస్తుంది, మచ్చలు మొదలైన 20, 30 ఏళ్లకు. నూటికి 30 నుంచి 60 మందికి వస్తుందని పుస్తకాల్లో లెక్క. నల్లని చర్మం ఉన్న ఆఫ్రికా రోగుల్లో ఇంతకంటే చాలా తక్కువ. మన చర్మం కూడా కొంత కాపాడుతుంది, కానీ తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా చేలో వంగి పనిచేసే మనిషిని ఎంతవరకు కాపాడుతుంది? కొంగు, తలపాగా, పొడుగు చేతుల చొక్కా ఈ రోగులకు మందుతో సమానం. సన్‌స్క్రీన్ కొనలేని కూలీకి సన్‌స్క్రీన్ రాసిచ్చి మన పని అయిపోయిందనుకోకూడదు.

ఇక ఈ జబ్బు లేని మామూలు మనుషుల సంగతి. ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే వైరస్ వల్ల చర్మ క్యాన్సర్ అనే శీర్షిక ఫోన్లలో తిరగడం మొదలుపెడితే పులిపిరి ఉన్న ప్రతి తల్లీ భయపడుతుంది. వేళ్ల మీది మామూలు పులిపిరి క్యాన్సర్ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం కూడా 5, 8 రకాలను ఈవీ రోగుల విషయంలో మాత్రమే, అదీ క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవి అనే వరుసలో పెట్టింది.

తెల్లజాతి వృద్ధులలో నెత్తి మీద, చేతుల మీద ఎండకు వచ్చే గరుకు మచ్చలను ఆక్టినిక్ కెరటోసిస్ అంటాం. అది చర్మ క్యాన్సర్ ముందుదశ. దానిలో బీటా వైరస్ దొరుకుతుంది, ముదిరి క్యాన్సర్ అయ్యాక అంతగా దొరకదు. కారణమే అయితే తర్వాత ఎందుకు మాయమవుతుందన్నది ప్రశ్న. నిప్పు పెట్టినవాడు ఇల్లు తగలబడేదాకా అక్కడే ఉండనక్కరలేదని ఒక వర్గం వాదన. ఫ్రాన్స్‌లోని లియోన్ పరిశోధకులు 38వ రకం వైరస్ జన్యువులను ఎలుకల చర్మంలో పెట్టి, అతినీలలోహిత కిరణాలు తగలనిచ్చారు. క్యాన్సర్ వచ్చాక ఆ జన్యువులను తొలగించినా గడ్డ పెరుగుతూనే ఉందని 2018లో చూపారు. మరుసటి ఏడాదే బోస్టన్ నుంచి అందుకు ఎదురు ఫలితం వచ్చింది. చర్మం మీది పాపిలోమా వైరస్‌ను గుర్తుపట్టిన టీ కణాలు, అంటే ఒంటికి కాపలా కాసే రోగనిరోధక కణాలు, ఎలుకలను చర్మ క్యాన్సర్ నుంచి కాపాడుతున్నాయని, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో క్యాన్సర్ పెరిగేది వైరస్ వల్ల కాదు, ఆ కాపలా పోవడం వల్లనని ఆ బృందం అంది.

ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసేవని నేను అనుకోను. కాపలా ఉన్న ఒంట్లో వైరస్ వల్ల హాని లేదు, మేలు కూడా ఉండవచ్చు. కాపలా లేని ఒంట్లో అదే వైరస్ ముప్పు. 2025లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల వైద్యులు ప్రచురించిన కేసు నా నమ్మకాన్ని గట్టిపరిచింది. 34 ఏళ్ల స్త్రీకి నుదుటి మీద స్క్వామస్ సెల్ క్యాన్సర్, ఎన్నిసార్లు కోసి తీసినా మళ్లీ వచ్చేది. చూస్తే బీటా గుంపులోని 19వ రకం వైరస్ ఆమె గడ్డ కణాల డీఎన్‌ఏలోనే కలిసిపోయి ఉంది. టీ కణాలు సరిగా పనిచేయని జన్యులోపం ఆమెకు ఉంది. దాత మూలకణాలు ఎక్కించి కొత్త రోగనిరోధక వ్యవస్థ ఇచ్చాక క్యాన్సర్ తగ్గింది, మళ్లీ రాలేదు. బీటా వైరస్ తిన్నగా క్యాన్సర్‌ను నడిపించగలదని ఇంత స్పష్టంగా అంతకుముందు ఎవరూ చూపలేదు.

ఈ చర్చ తేలేదాకా మనం ఆగనక్కరలేదు. కాపలా లేని మనుషులు మన మధ్యే ఉన్నారు. వాళ్లలో ఈవీ కుటుంబాలు ఒక గుంపు మాత్రమే. అవయవదాన పథకం జీవన్‌దాన్ ద్వారానో, ఇంట్లోవాళ్ల కిడ్నీతోనో మార్పిడి చేయించుకుని జీవితాంతం మందులు వాడేవాళ్లు రెండో గుంపు. పడమటి దేశాల్లో తెల్లజాతి మార్పిడి రోగులకు స్క్వామస్ సెల్ క్యాన్సర్ ముప్పు 65 రెట్లకు పైగా పెరుగుతుందని చదివి, మనకది వర్తించదని వదిలేశాం. ఆ సంఖ్య వర్తించకపోవచ్చు. కానీ ఫిలడెల్ఫియాలో తెల్లజాతివారు కాని మార్పిడి రోగులను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనం మరో సంగతి చెప్పింది. నల్లజాతి రోగుల్లో స్క్వామస్ సెల్ క్యాన్సర్ ఎండ తగలని చోట్ల, తొడల సందుల్లో, జననాంగాల దగ్గర వచ్చింది. వాటిలో పాపిలోమా వైరస్ పరీక్ష చేసినవి ఎక్కువగా పాజిటివ్. అంటే ఎండకు దెబ్బతినే చర్మం కాకపోతే వైరస్ దారి వెతకాలి. మన కిడ్నీ మార్పిడి రోగికి మనం చూసేది మొహం, చేతులు. లుంగీ, చీర తీయించి చూడం. రోగి సిగ్గుపడతాడు, మనకు తీరిక ఉండదు. ఏడాదికి ఒకసారైనా తెర చాటున, మహిళలకు మహిళా వైద్యురాలు లేదా నర్సు తోడుగా, ఒళ్లంతా చూసే ఏర్పాటు మార్పిడి చేసిన ప్రతి ఆస్పత్రిలో ఉండాలి. మీరు ఒక్క మాట అంటే కిడ్నీ వైద్యులైన నెఫ్రాలజిస్టులు కాదనరు.

మూడో గుంపు హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్లు, ముఖ్యంగా తల్లి నుంచి సోకిన పిల్లలు. వాళ్లకు జన్యులోపం లేకుండానే అచ్చు ఈవీ లాంటి మచ్చలు వస్తాయి. హెచ్‌ఐవీని అదుపుచేసే ఏఆర్‌టీ మందులతో సీడీ4 అనే రోగనిరోధక కణాల సంఖ్య పెరిగినా చాలామందిలో ఆ మచ్చలు పోవు. ఏఆర్‌టీ కేంద్రంలో అది శోభిగా నమోదై ఆగిపోతోంది.

పాపిలోమా వైరస్ టీకా గురించి రోగులు తప్పక అడుగుతారు. మన సీరం ఇన్‌స్టిట్యూట్ తెచ్చిన సెర్వావాక్ 6, 11, 16, 18 రకాల మీద పనిచేస్తుంది. తొమ్మిది రకాల మీద పనిచేసే విదేశీ టీకాలోనూ బీటా రకం ఒక్కటీ లేదు. కాబట్టి ఈవీ మచ్చలకు టీకాతో నయమవుతుందని ఎవరికీ ఆశ పెట్టకండి. జననాంగాల దగ్గర, గోళ్ల చుట్టూ వచ్చే బోవెన్ జబ్బు వేరు. చర్మం పై పొరకే పరిమితమైన ఆ క్యాన్సర్‌లో తరచుగా కనిపించేది 16వ రకం, అది టీకాలో ఉంది. ఏళ్లుగా మానని గోటి చుట్టు, పగుళ్లు తేలిన గోటి అంచు మీకు కనిపిస్తే దాన్నీ ఫంగస్ అని వదిలేయవద్దు.

చికిత్సలో ఈవీని మూలంతో తీసేసే మందు లేదు. అసిట్రెటిన్‌తో మచ్చలు కొంత పలచబడతాయి, ఆపితే తిరిగి వస్తాయి. పెళ్లికెదిగిన అమ్మాయికి అది రాసేముందు, ఆపాక మూడేళ్ల దాకా గర్భం దాల్చకూడదని ఆమెకు, ఆమె తల్లికి అర్థమయ్యేలా చెప్పాలి. గరుకు మచ్చలను గడ్డకట్టించే చలితో కాల్చడం, ఫ్లోరోయురాసిల్ పూయడం, అనుమానం ఉన్నదాన్ని కోసి తీయడం మీకు తెలిసిన పనులే. కోసి తీయగల గడ్డకు రేడియేషన్ ఇప్పించకండి. ఈవీలో రేడియేషన్ తర్వాత క్యాన్సర్ మరింత ఉధృతంగా తిరగబెట్టిన అనుభవం ప్రపంచమంతటా ఉంది. ఆంకాలజీకి, అంటే క్యాన్సర్ విభాగానికి, పంపే చీటీ మీద ఆ జబ్బు పేరు పెద్ద అక్షరాలతో రాయండి, లేకపోతే అక్కడివాళ్లకు తెలిసే దారి లేదు.

కుటుంబంతో మాట్లాడటం అన్నిటికన్నా కష్టం. ఆడపిల్ల ఒంటి మీద మచ్చలంటే సంబంధాలు తప్పిపోతాయని దాచిపెడతారు, దాచిన కొద్దీ ఆస్పత్రికి దూరమవుతారు. వాళ్లకు చెప్పాల్సింది ఇది: తల్లిదండ్రులు చేసిన తప్పేమీ లేదు. వాళ్లిద్దరూ ఒకే లోపాన్ని తెలియకుండా మోస్తున్నారు, ఒక్కో బిడ్డకు నాలుగింట ఒక వంతు అవకాశం. ఈ అమ్మాయి బయటి సంబంధం చేసుకుంటే ఆమె పిల్లలకు ఈ జబ్బు వచ్చే అవకాశం బాగా తక్కువ. మళ్లీ మేనరికం చేస్తే ఆ ముప్పు పెరుగుతుంది. పెళ్లి వద్దని చెప్పడం లేదు, మేనరికం వద్దని చెబుతున్నాం. తోబుట్టువులను అందరినీ పిలిపించి, చొక్కా తీయించి చూడండి.

మన చర్మవైద్యుల సంఘానికి రెండు రాష్ట్రాల్లోనూ శాఖలున్నాయి. స్టెరాయిడ్ మలాముల దుర్వినియోగం మీద ఆ సంఘం గొంతెత్తినప్పుడు ప్రజలకు నిజమైన మేలు జరిగింది. ఈవీ కుటుంబాల పేర్లు గోప్యంగా నమోదు చేసే ఒక చిట్టా, ఏటా పరీక్షకు రమ్మని గుర్తుచేసే ఒక ఫోను, ఈ రెండూ ఆ శాఖలు తలుచుకుంటే కష్టం కాదు. పెద్ద ఖర్చు కూడా లేదు.

మా వైపు నుంచి ఒక అభ్యర్థన. ముక్క పంపేటప్పుడు కాగితం మీద మానని పుండు అని మాత్రం రాసి వదలకండి. మచ్చలు ఏ వయసులో మొదలయ్యాయి, ఒంటి మీద ఇంకెక్కడ ఉన్నాయి, మేనరికమా, కిడ్నీ మార్పిడి లేదా హెచ్‌ఐవీ ఉందా, ఈ నాలుగూ రాయండి. పుండు మధ్య నుంచి ఒక ముక్క, వీపు మీది పాత మచ్చ నుంచి నాలుగు మిల్లీమీటర్ల ముక్క మరొకటి, వేర్వేరు సీసాల్లో పంపండి. రెండోది లేకపోతే క్యాన్సర్ అని చెప్పగలం గానీ, అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఇంట్లో ఇంకెవరికి రానుందో చెప్పలేం.

గౌరవంతో,
ఒక ప్రభుత్వ వైద్య కళాశాల పాథాలజీ అధ్యాపకురాలు